పదిన్నర గంటల ఆకాశం

మొన్న ఒక పని మీద, పలాసను ఆనుకునే ఉండే కాశీబుగ్గలో టెక్కలి బస్సు కోసం నిలబడి ఉండగా, పక్కనే ఇద్దరు ఆడపిల్లలు, కాలేజీ పిల్లలే అయి ఉంటారు, ఒకే ఫోనులోకి తలలు వంచి చూస్తూ, ఇవాళ మన పలాసలో గాలి బాగుందట, ఆకుపచ్చ రంగు చూపిస్తోంది అని చెప్పుకుని నవ్వుకున్నారు. ఆ రంగు ఎక్కడి నుంచి వస్తుందో, దాని వెనక ఎన్ని ఉపగ్రహాలు, ఎన్ని పరికరాలు ఉన్నాయో వాళ్లకు తెలియదు, తెలుసుకోవలసిన అవసరమూ వాళ్లకు లేదు. బస్సు వచ్చింది, ఎక్కాను, అదృష్టం కొద్దీ కిటికీ పక్క సీటే దొరికింది, అయినా టెక్కలి చేరేదాకా బయట ఏమేం దాటిపోయాయో నాకు గుర్తు లేదు. పలాసలో గాలి బాగుంది అనే మాట కింద ఒకప్పుడు నా సంతకం ఉండేది. ఆ సంతకం కథ నా ఈడు వాళ్లకైనా ఒకసారి చెప్పుకోవాలనిపించింది.

మాది ఉద్దానంలో తరతరాలుగా మునసబుగిరీ చేసిన కుటుంబం. మా తాతగారి రోజుల్లో కంచిలి నుంచి కవిటి దాకా ఎండలో నడిచే మనిషి సగం దూరం మా కొబ్బరిచెట్ల నీడనే నడిచేవాడని ఊళ్లో చెప్పుకునేవారు. అందులో కొంత అతిశయోక్తి ఉందని నాకూ తెలుసు, కానీ కొంతే. తర్వాత ఆ ఉద్యోగాలను సర్కారు రద్దు చేయడం, దాయాదుల వ్యాజ్యాలు, ఒక తుపానులో తోట తోటంతా నేల మీద పరుచుకుపోవడం, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి, నాకు బుద్ధి తెలిసేసరికి మాకు మిగిలినవి కాశీబుగ్గలో ఒక పాత మేడ, తాతగారి పేరు. ఇది జాలి కోసం చెప్పడం లేదు. మా ఇంట్లో జాలి పుచ్చుకునే అలవాటు లేదు.

తాతగారి గురించి ఒక్క సంగతి చెప్పి ముందుకు వెళతాను. దస్తావేజు మీద సాక్షి సంతకం పెట్టమని ఎవరు వచ్చినా, వ్యవహారం తన కళ్ల ముందు జరిగితేనే ఆయన కలం తీసేవారట. సొంత తమ్ముడు వచ్చి, అన్నయ్యా, అంతా సవ్యంగానే జరిగింది, ఒక్క సంతకం పెట్టు అంటే, జరిగి ఉండవచ్చు, నేను చూడలేదు అని కలం కింద పెట్టేశారట. ఆ తమ్ముడు ఆర్నెల్లు మా గుమ్మం తొక్కలేదు. ఈ కథను మా నాన్నగారు ఎన్నిసార్లు చెప్పారో లెక్క లేదు, ప్రతిసారీ నేను వీపు నిటారుగా పెట్టి కూర్చుని వినేవాణ్ణి.

నేను ఫిజిక్సు ప్రధానంగా బీఎస్సీ పూర్తి చేసి టెక్కలిలో ఒక ప్రైవేటు కాలేజీ ల్యాబులో డెమాన్‌స్ట్రేటరుగా చేరాను. నాకు సాయంత్రం బ్యాచీలు ఇచ్చారు కనుక మధ్యాహ్నం రెండు గంటల బస్సుకు వెళ్లి పొద్దుపోయాక తిరిగి వచ్చేవాణ్ణి, పొద్దుటి పూటంతా ఖాళీ. ఆ రోజుల్లోనే ఒక విశ్వవిద్యాలయం నుంచి ఒక ప్రొఫెసరు గారు పలాసలో మంచి ఎత్తయిన డాబా కోసం వెతుక్కుంటూ మా మేడకు వచ్చారు. నాలుగు వైపులా అడ్డం లేని ఆకాశం ఆయనకు కావాలి, దాంతోపాటు ఆ డాబా మీద నిలబడి రోజూ కొలతలు తీయగల, అంతో ఇంతో ఫిజిక్సు వచ్చిన మనిషి కూడా కావాలి. రెండూ ఒకే ఇంట్లో దొరికేసరికి ఆయన ముఖం వెలిగిపోయింది. డాబాకు అద్దె ఇస్తామన్నారు. మా మేడ అద్దెకు ఇచ్చేది కాదని చెప్పాను.

ఆయన చేసే పరిశోధన ఏమిటో ఆ మధ్యాహ్నం మా అరుగు మీద కూర్చుని నాకు విప్పి చెప్పారు. గాలిలో కంటికి కనిపించనంత చిన్న రేణువులు తేలుతూ ఉంటాయి, పొగ, దుమ్ము, సముద్రం మీది ఉప్పు, ఇలాంటివి. వాటిలో కొన్ని సూర్యకాంతిని వెనక్కి తిప్పికొట్టి నేలను చల్లబరుస్తాయి, మసి లాంటి నల్ల రేణువులు ఆ కాంతిని మింగి గాలిని వేడెక్కిస్తాయి. మబ్బులు ఎలా కట్టాలో, వాన ఎప్పుడు పడాలో కూడా కొంత అవి తేలుస్తాయి. దేశమంతటి మీద ఇవి ఎంత ఉన్నాయో తెలియాలంటే పైనుంచి చూసే ఉపగ్రహమే గతి. కానీ పైనుంచి చూసేదానికి కింద మెరిసేది ఇసుకా, నీరా, లేక మధ్యలో ఉన్న పొగా అన్నది ఒక్కోసారి తేలదు, మన తీరంలో అయితే మరీనూ. అందుకని అది మన నెత్తి మీదుగా పోయే వేళకు కింద ఒక మనిషి నిలబడి, సూర్యుడి వైపు పరికరం పట్టి, ఎండలో ఎంత భాగం దారిలో ఆగిపోతోందో కొలిచి రాయాలి. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తారు. ఇదంతా చెప్పి ఆయన, ఉపగ్రహం ఆకాశంలో సాక్షి, మీరు నేల మీద సాక్షి అన్నారు. ఆయన యథాలాపంగానే అని ఉంటారు. ఆ మాట నాలో ఎక్కడ తగిలిందో ఆయనకు తెలిసే వీలు లేదు.

ఆ పరికరం లావుపాటి పుస్తకమంత ఉండేది. ఒక పక్క చిన్న రంధ్రం, దానిలోంచి పడ్డ సూర్యుడి చుక్క ఒక గుండ్రటి గీత మధ్యకు వచ్చేదాకా చేతిని అటూ ఇటూ కదిపి, కదలకుండా పట్టుకుని బటను నొక్కితే అంకె కనిపించేది. ఉపగ్రహాలు రెండు, ఒకటి పొద్దున్న పదిన్నర ప్రాంతంలో, రెండోది మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో మా మీదుగా పోయేవి. ఏ రోజు ఎన్ని నిమిషాలు అటూ ఇటూ అవుతుందో ప్రొఫెసరు గారు ముందే ఒక పట్టిక పంపేవారు. ఆ వేళకు అరగంట లోపు తీసిన కొలతే కొలత, దాటితే కొట్టివేయాలి అన్నది నియమం. నేను ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మేడ ఎక్కేవాణ్ణి, కొలిచి, ఇంకు పెన్నుతో రిజిస్టరులో రాసి, పక్కన పూర్తి ఇంటిపేరుతో సంతకం పెట్టేవాణ్ణి. వీధిలో వాళ్లు దానికి ఎండ మిషను అని, నాకు ఎండ బాబు అని పేర్లు పెట్టారు. నాకది కష్టంగా తోచలేదు. చాలా ఏళ్ల తర్వాత మా ఇంటి మనిషిని ఊరు మళ్లీ ఒక హోదాతో పిలిచింది.

పలాస సంగతి తెలియని వాళ్ల కోసం ఒక మాట. ఇప్పుడు జీడిపిక్కలను బాయిలర్లలో ఆవిరి పట్టి ఉడికిస్తున్నారు గాని ఆ రోజుల్లో ఇంకా చాలాచోట్ల డ్రముల్లో పోసి కాల్చేవారు, ఇళ్ల మధ్యనే బట్టీలు ఉండేవి. ఆ పొగ మామూలు పొగ కాదు. పిక్క పెంకులో ఉండే జీడి అనే నూనె మండి నల్లగా, జిడ్డుగా, కళ్లలో కారం కొట్టినట్టు వచ్చేది. మా మేడకు వెనక వైపు నాలుగైదు బట్టీలు ఉండేవి, వాటిలో పెద్దది మా అక్క మొగుడిది, అంటే మా బావది. వాళ్ల నాన్న ఒకప్పుడు మా తాతగారి జీడితోటల్లో పిక్కలు కొనుక్కుపోయిన మనిషి. ఆ సంబంధం కుదిరినప్పుడు మా ఇంట్లో ఎవరెవరు ఎన్ని రోజులు అన్నం సరిగ్గా తినలేదో ఇప్పుడు చెప్పడం బాగుండదు.

ఆ బట్టీల వెనక చర్చి వీధి. ఆ వీధిలో ఒక పిన్ని ఉండేది. నేను పుట్టినప్పుడు మా అమ్మకు పురుడు పోసిన మంత్రసాని కూతురు ఆవిడ, అలా పిన్ని అయింది. జీడి అంటకుండా చేతులకు బూడిద రాసుకుని పిక్కలు కొట్టే పనికి వెళ్లేది, ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది. ఆవిడ గొంతు విప్పితే మా మేడ మీదికి వినిపించేది. నేను కొలతలు మొదలుపెట్టే నాటికే ఆ పాట మధ్యలో తెగిపోవడం, ఆ ఖాళీలో దగ్గు రావడం, మిగతావాళ్లు పాటను అందుకోవడం కూడా వినిపించేవి. ఆ వీధిలో చాలామందికి అదే దగ్గు. బట్టీలను ఊరి బయటికి మార్చమని ఆడవాళ్లంతా వేలిముద్రలు వేసి మున్సిపాలిటీకి అర్జీ పెట్టుకున్నారు. ఆ రోజుల్లో ఏ అధికారి మన వైపు వచ్చినా ఉద్దానం కిడ్నీ జబ్బుల గురించే వచ్చేవాడు, పలాస దగ్గు ఎవరికీ పట్టేది కాదు. అర్జీ అలా పడి ఉండగా ఒకరోజు పిన్ని మా గుమ్మం ముందు ఆగి నన్ను పిలిచింది.

“బాబూ, నీ మిషనుకి మా పొగ కనపడతాదా?”

గాలిలో ఏది ఉన్నా కనపడుతుందని చెప్పాను.

“అది అబద్ధం ఆడదు కదా?”

“ఆడదు పిన్నీ. నేనూ ఆడను.”

“నీ సంగతి నాకు తెల్దేటి? మా దగ్గు సూత్తే ఎవులూ నమ్మట్లేదు. నీ కాయితం సూత్తే నమ్ముతారు. అది సెప్పినకాడికి సెప్పనీ, అందాక ఓపిక పడతాం.”

ఆ మాట అని వెళ్లిపోయింది. వాళ్లు నిజంగానే ఓపిక పట్టారు. రెండేళ్లు, నా రిజిస్టరు నోరు విప్పేదాకా.

మా బావకు నా పని మీద మొదట్లో వేళాకోళమే. ఒక ఆదివారం అక్క భోజనానికి పిలిస్తే వెళ్లాను. అక్క వడ్డిస్తోంది, బావ నా ఉపగ్రహం సంగతి కదిపాడు, నేను ఉత్సాహంగా చెప్పుకుపోయాను. ఆ మనిషి నా మాటలను అంత శ్రద్ధగా వినడం అదే మొదటిసారి.

“రోజూ అదే టైముకి వత్తాదేటి బామ్మర్దీ?” అన్నాడు. వస్తుందన్నాను. “అయితే మన పాసింజరు బండి కన్నా నయమే. మరి సాయంకాలం రాదేటి?”

సాయంకాలం రాదని, ఈ రెండు వేళలే ముఖ్యమని చెప్పాను. ఆ పట్టిక నకలు ఒకటి కావాలంటే, మర్నాడే నా చేతులతో అందంగా రాసి ఇచ్చాను. దాన్ని ఫ్యాక్టరీలో తన కుర్చీ వెనక, దేవుడి క్యాలెండరు పక్కన అంటించుకున్నాడు. వచ్చినవాళ్లకల్లా, మా బామ్మర్ది సాటిలైటుకి టైము సెప్తాడు అని చూపించేవాడట. నేను పొంగిపోయాను, దాచుకోవడం ఎందుకు. ఇక్కడ ఇంకొక సంగతి కూడా ఒప్పుకోవాలి. ఆ ఉపగ్రహం చూసే ఒక్క చుక్కలో పలాసా కాశీబుగ్గా మొత్తం ఇమిడిపోతాయని, ఒక బట్టీ పొగ అక్కడి నుంచి విడిగా తెలియదని, ప్రొఫెసరు గారి పరిశోధన తీరమంతటి వాతావరణం గురించే గాని మా వీధి పొగ గొట్టాల గురించి కాదని నాకు తెలుసు. బావ మాత్రం అది ఒక్కొక్క గొట్టాన్నీ లెక్కపెట్టి సర్కారుకు చెబుతుందని అనుకుంటున్నాడని అతని ప్రశ్నలను బట్టే తెలిసింది. నేను దిద్దలేదు. దిద్దితే నా పని అతని కళ్లలో చిన్నదైపోతుందని అనిపించింది.

అప్పటి నుంచి నా కొలతలు తేటగా రాసాగాయి. తెల్లవారు జామున వీధిలో పొగ కమ్ముకుని ఉండేది, పదిన్నరకు మేడ ఎక్కేసరికి సముద్రపు గాలి తగిలి ఆకాశం కడిగినట్టు ఉండేది. ఒకటిన్నరకూ అంతే. రెండు గంటల బస్సుకు నేను టెక్కలి పోయేవాణ్ణి. ప్రొఫెసరు గారు ఒకసారి వచ్చి డొంకూరు రేవులో సముద్రపు ఒడ్డున కొలిచి, ఆ అంకెను నా రిజిస్టరులోనే రాసి, మీ మేడ మీది గాలికీ ఆ గాలికీ పెద్ద తేడా లేదండీ, ఆశ్చర్యమే అన్నారు. ఎప్పుడైనా ఉదయం పరీక్షల డ్యూటీ పడి టెక్కలి వెళ్లి, మూడు దాటాక ఇల్లు చేరిన రోజుల్లో, కనీసం ఒక కొలతైనా రాద్దామని మేడ ఎక్కితే అంకె బాగా పెరిగి కనిపించేది. వేళ దాటిన కొలత కనుక నియమం ప్రకారం ఎర్ర పెన్సిలుతో దాని మీద అడ్డగీత గీసి, అకాలం అని రాసి, దానికీ సంతకం పెట్టేవాణ్ణి. ఆ అడ్డగీతలు ఎంత తిన్నగా ఉండేవో చూసి ప్రొఫెసరు గారు మెచ్చుకున్నారు కూడా.

చివరికి అర్జీ మీద విచారణ వచ్చింది. మున్సిపల్ ఆఫీసు హాల్లో ఒక అధికారి కూర్చున్నారు, ఒక పక్క బట్టీల యజమానులు, ఇంకో పక్క చర్చి వీధి ఆడవాళ్లు. ముందురోజు బావ వచ్చి రిజిస్టరు అడిగితే, నిజం ఎవరి చేతిలో ఉన్నా నిజమేనని ఇచ్చాను. దాన్ని అతను అధికారి ముందు పెట్టి, ఇది మేం రాయించింది కాదండీ, సైన్సు వాళ్లది, రాసినాయన మునసబుగారి మనవడు, ఆ ఇంటి సంతకం ఈ చుట్టుపక్కల ఎవర్నడిగినా చెబుతారు అన్నాడు. అధికారి పేజీలు తిప్పారు. సంతకం మీదేనా అన్నారు. నాదేనన్నాను. ప్రతి కొలతా స్వయంగా తీశారా అన్నారు. స్వయంగా, ఒక్క రోజు కూడా వేరొకరి చేత రాయించలేదని, తల ఎత్తుకుని చెప్పాను. అయితే ఈ వార్డులో గాలి సముద్రపు ఒడ్డున ఉన్నంత శుభ్రంగా ఉందన్నమాట అని ఆయన కలం తీశారు. పిన్ని ఒక్కతే లేచి నిలబడి, అధికారిని కాదు, నన్ను అడిగింది.

“అయితే మాకు దగ్గెందుకొత్తంది బాబూ?”

హాల్లో అటు పక్క ఎవరో నవ్వారు. ఒక యజమాని, బీడీలు మానేత్తే పోతాది అన్నాడు. ఆవిడ జీవితంలో బీడీ ముట్టిన మనిషి కాదు.

నేను లేచి బయటికి వచ్చాను. మెట్ల మీద బావ ఫ్యాక్టరీ బట్టీ మేస్త్రి కూర్చుని ఉన్నాడు, ముసలివాడు, జీడి మరకలతో చేతులు నల్లగా కమిలిపోయి ఉన్నాయి. నన్ను చూసి లేచి దండం పెట్టాడు.

“మీ పుణ్యమా అని బాబూ, పదింటికాడ్నుంచి రెండింటిదాకా బట్టీ ఆపేసి నడుం వాల్సుకుంటన్నాం. ఆ సాటిలైటు సల్లగా ఉండాల. సుట్టూ ఉన్న బట్టీలోలు కూడా అలగే ఆపుతన్నారు.”

ఎవరు ఆపమన్నారని అడిగాను.

“మీ బావగారేనండి. మీ మిషను టైములో పొగ రాకూడదని మీరే కాయితం రాసిచ్చేరంట కదా? గోడకంటించేరు. మీకు తెల్దేటి బాబూ?”

నేను లోపలికి పరుగెత్తాను. మునసబుగారి మనవడు నలుగురిలో పరుగెత్తడం అదే మొదలు, అదే చివర. రిజిస్టరు తీసుకుని ఎర్ర గీతల కింద ఉన్న అంకెలు చూపించాను, మూడు దాటాక తీసినవి ఇవి, ఇవీ నేను తీసినవే, నిజమైన పొగ వీటిలో ఉంది అన్నాను. అధికారి కళ్లద్దాలు సర్దుకుని, ఇవి మీరే కొట్టేశారు కదా, అకాలం అని మీరే రాశారు, మళ్లీ సంతకం కూడా పెట్టారు, కొట్టేసినదాన్ని నమ్మమంటారా, కొట్టేయనిదాన్ని నమ్మమంటారా అని అడిగారు. వెటకారంగా అడగలేదు. మర్యాదగానే అడిగారు. అర్జీ కొట్టివేశారు.

నేరుగా అక్క ఇంటికి వెళ్లాను. బావ కాళ్లు కడుక్కుంటున్నాడు. నేను ఏమేమి అన్నానో ఇప్పుడు సరిగ్గా గుర్తు లేదు, అతను అన్నది మాత్రం అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

“నువ్వు అబద్ధం రాసేవా? రాయలేదు. నాను అబద్ధం సెప్పేనా? సెప్పలేదు. సుట్టాలొచ్చే టైముకి వాకిలి ఊడ్సుకోడం తప్పేటి బామ్మర్దీ? ముందర ఆ సాటిలైటుకి బయపడే ఆపేను, నిజమే సెప్తన్నాను. నీ కాయితం ఇలగ పనికొత్తాదని అప్పుడు నాకేటి తెలుసు? మీ ఇంటి సంతకానికి ఈ ఊర్లో ఇంకా ఇంత ఇలువుందని నానూ అనుకోలేదు.”

అతను మోసం చేయాలనుకున్నది ఉపగ్రహాన్ని. అంత ఎత్తు నుంచి ఊరు మొత్తాన్ని ఒక చుక్కగా చూసే ఆ యంత్రానికి అతని బట్టీ ఆగినా మండినా ఒకటే. మోసపోయింది ఆ బట్టీలకు నూరు గజాల దూరంలో, మేడ మీద చేత్తో పరికరం పట్టుకుని నిలబడ్డ నేను.

వంటింటి గుమ్మంలో నిలబడ్డ అక్క వైపు తిరిగాను. నీకూ తెలుసా అన్నాను. అక్క కొంగుతో చేతులు తుడుచుకుంది. తర్వాత అంది.

“ఊరందరికీ తెలుసు తమ్ముడూ. దాపరికం ఏటున్నాది ఇందులో? రెండేళ్లలో ఒక్కపాలి మేడ దిగి ఈదిలోకెల్లి ఎవుల్నయినా అడిగేవేటి నువ్వు? అడుగుంటే సెప్పీవోరే.”

బావ అన్న మాటలకు కోపం వచ్చింది, ఇప్పటికీ పోలేదు. అక్క అన్న మాటకు మాత్రం కోపం తెచ్చుకోవడానికి కూడా నాకు చోటు దొరకలేదు. చర్చి వీధి వాళ్లు నాకు చెప్పకపోవడం కూడా వింత కాదు, బట్టీ ఆపడం నా మిషను పుణ్యాన ఎండ వేళ కూలీలకు దొరికిన విరామమనే వాళ్లు అనుకున్నారు, ఆ విరామానికి నన్నే దీవిస్తున్నారు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో నేను మంచినీళ్లు ముట్టలేదు. పెళ్లిళ్లలో ఎదురుపడితే బావ ఇప్పటికీ అదే నవ్వుతో బామ్మర్దీ అంటాడు, తన చేత ఒక తప్పు జరిగిందన్న ఊహే అతనికి లేదు. అది ఉన్నా కొంత బాగుండేది.

ప్రొఫెసరు గారికి అంతా రాశాను. మీ కొలతల్లో దోషం లేదు, ఉపగ్రహం చూసిన వేళకు మీరూ అదే ఆకాశాన్ని చూశారు, రెండూ సరిపోతున్నాయి, మా పనికి అంతకంటే కావలసింది లేదు, బాధపడకండి అని ఆయన ఆప్యాయంగా జవాబు రాశారు. నా మీద నాకు మిగిలిన ఆశ కూడా ఆ ఉత్తరంతో పోయింది. తప్పుడు కొలత అయితే దిద్దుకోవచ్చు, ఇది దిద్దడానికి వీల్లేనంత సరైనది.

తర్వాత ఆర్నెల్ల పాటు ఒక పని చేశాను. కాలేజీలో అడిగి ఉదయం బ్యాచీలకు మారాను. ఆ ఉపగ్రహాల వేళలకు మరో మనిషిని చూసుకోమని ప్రొఫెసరు గారికి రాసి, అది కుదిరేదాకా పరికరం మాత్రం నా దగ్గరే ఉంచమని అడిగాను. రోజూ మూడున్నరకు, బట్టీలు మండుతుండగా మేడ ఎక్కి కొలిచి, వేరే నోటు పుస్తకంలో రాశాను. ఎవరూ అడగని కొలతలు అవి, ఏ ఉపగ్రహమూ ఆ వేళకు పైన లేదు. పుస్తకం నిండాక అధికారి దగ్గరికి పట్టుకెళ్తే ఆయన బదిలీ అయిపోయారు, కొత్తాయన, మూసేసిన ఫైలండీ అన్నారు. ఇక ఏం చేయాలో తోచక, ఒక ఆదివారం సాయంత్రం ఆ పుస్తకం పట్టుకుని చర్చి వీధికి వెళ్లాను. మా ఇంటి మగవాళ్లు ఎవరూ ఆ వీధిలో ఒకరి అరుగు మీద కూర్చుని ఉండరు. నేను పిన్ని అరుగు మీద కూర్చున్నాను.

క్షమించమనడం నాకు చేతకాలేదు, మా ఇంట్లో ఎవరూ నేర్పలేదు. ఇదిగో పిన్నీ, సాయంకాలపు కొలతలు అని పుస్తకం చాపాను. తనకు చదువు రాదు కదా, చదివి చెప్పమంది. మొదటి పేజీ నుంచి చదివాను, తారీఖు, అంకె, తారీఖు, అంకె. ఏ అంకె ఎక్కువో, డొంకూరు ఒడ్డున ఎంత ఉంటే ఇక్కడ ఎన్ని రెట్లు ఉందో మధ్యమధ్య చెబుతూ చదివాను. ఆవిడ మధ్యలో ఆపలేదు, దగ్గు వచ్చినప్పుడు మాత్రం చెయ్యెత్తి నన్ను ఆగమని, అది తగ్గాక మళ్లీ చదవమని సైగ చేసింది. అంతా అయ్యాక, చీకటి పడబోతుండగా అంది.

“అయితే నాను అబద్ధం ఆడలేదన్నమాట.”

లేదన్నాను.

“మళ్లీ ఒకపాలి సదువు బాబూ. ఈపాలి గట్టిగా సదువు. ఆ సివరింటోలికి కూడా ఇనపడాల.”

నిలబడి చదివాను. ఇళ్లలోంచి ఒక్కొక్కరే గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు.

ఇప్పుడు పలాసలో ఆ డ్రము బట్టీలు చాలావరకు లేవు, ఎవరి అర్జీ వల్లా కాదు, బాయిలర్లు లాభమని తెలిసి వాళ్లే మార్చుకున్నారు. పిన్ని ఆ మార్పు చూడకుండానే వెళ్లిపోయింది. ఇప్పటి ఉపగ్రహాల్లో కొన్ని ఒకే చోట నిలిచి పగలంతా మన దేశాన్నే చూస్తూ ఉంటాయట, వాటి వేళ తెలుసుకుని వాకిలి ఊడ్చుకోవడం ఎవరి తరమూ కాదు. నేల మీద కూడా మనిషి అక్కర్లేదు, సూర్యుడు ఎటు తిరిగితే అటు తిరిగే పరికరాలు వచ్చాయి, అవి రిజిస్టరు రాయవు, సంతకం పెట్టవు, ఏ ఇంటిపేరూ వాటికి లేదు. ఇదంతా మంచికేనని నాకు తెలుసు. మనిషి సాక్ష్యం ఎంత తేలిగ్గా వంగుతుందో, వంగకుండానే ఎలా ఉపయోగపడుతుందో నాకంటే తెలిసినవాళ్లు ఎవరుంటారు? అయినా ఒక్క దిగులు మాత్రం నన్ను వదలదు. ఇప్పుడు అన్ని కొలతలూ ఉన్నాయి, ఎవరికి కావాలంటే వాళ్లకు దొరుకుతాయి, ఒక వీధి అరుగు మీద కూర్చుని, ఇవి మీవేనమ్మా అని పైకి చదివి వినిపించే పని మాత్రం ఎవరికీ ఎవరూ అప్పగించలేదు.